గుంటగలగర: ఎంతవరకు నమ్మొచ్చు?

గుంటగలగరాకు పేరెత్తితే తెలుగింట నాలుగు మాటలు వినిపిస్తాయి. జుట్టు నల్లబడుతుంది, కామెర్లు తగ్గుతాయి, కాటుక కంటికి చలువ, పాము కరిస్తే పసరు పనికొస్తుంది. నాలుగూ ఒకే నోట, ఒకే ధీమాతో వస్తాయి. వాటి బలం మాత్రం ఒకటి కాదు. ఒకటి వాడుకగా హాయిగా నిలబడుతుంది, ఒకటి సగమే నిలబడుతుంది, మిగిలినవి గుడ్డిగా నమ్మితే ప్రాణం మీదికి తెస్తాయి. వాటిని విడదీసి చూడటమే ఇక్కడి పని.

ఒమన్‌లోని సహంలో ఉండి ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. మస్కట్ నుంచి సోహార్ పోయే దారిలో, అల్ ఖాబూరా దాటాక వచ్చే ఊరు సహం. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క హజర్ కొండలు, మధ్యలో బాతినా మైదానపు సన్నటి పచ్చదనం. ఖర్జూరం, మామిడి, నిమ్మ చెట్ల కింద పశువుల మేతకు జత్ గడ్డి మడులు కడతారు. ఆ మడుల అంచున, బావి నీళ్లు పారే బోదెల చెమ్మలో మన వరి గట్టు మీది గుంటగలగరే కనిపిస్తుంది. ఉత్తర ఒమన్ తోటల్లో ఇది తెలిసిన కలుపు మొక్కే. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వచ్చినవాళ్లలో దీన్ని చూసి ఆగనివాళ్లు తక్కువ. ఊళ్లో అమ్మమ్మ దంచిన ఆకు ఇక్కడ కాళ్ల కింద ఉంటే చేతులు ఊరుకోవు. ఒంటికి బాగోలేకపోతే ఆసుపత్రి ఖర్చు, సెలవు, కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) అనుమతి గుర్తొచ్చే చోట పసరు వైద్యం మీద మోజు కూడా ఎక్కువే. చర్చ అవసరం అందుకే పెరుగుతుంది.

ముందు మొక్కను గుర్తుపట్టాలి. సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. అసలు గుంటగలగర ఎక్లిప్టా ప్రోస్ట్రాటా. పాత పుస్తకాల్లో ఎక్లిప్టా ఆల్బా అని ఉంటుంది, రెండూ ఒకటే. కాడ ఎరుపు తిరిగి నూగుతో ఉంటుంది. సన్నటి ఆకులు ఎదురెదురుగా, తొడిమ లేనట్టే కణుపుకు అతుక్కుని ఉంటాయి, రాస్తే గరుకు. పువ్వు తెల్లది, చిటికెన వేలి గోరంత, రేకులు దారాల్లా సన్నగా చాలా ఉంటాయి. రేకులు రాలాక పచ్చటి గింజల బుడిపె మిగులుతుంది. ఇవేవీ తేలకపోతే కాడ విరిచి చూడాలి. విరిచినచోట రసం గాలి తగిలి కాసేపటికే నల్లబడుతుంది. ఈ పరీక్షలో నెగ్గని మొక్కను గుంటగలగర అనకూడదు.

దీని పేరుతో చెలామణి అయ్యేవాటిలో మొదటిది గడ్డిచామంతి. పొడవాటి కాడ చివర ఒంటి పువ్వు, నడుమ పసుపు, చుట్టూ నాలుగైదు వెడల్పాటి లేత రేకులు. పొలాల్లో తెగిన గాయానికి దాని ఆకు నలిపి పెట్టడం పాత వాడుకే, కానీ అది వేరే మొక్క. రెండోది పసుపు పూల గుంటగలగర. తమిళులు దీన్ని కరిసలాంగణ్ణిలో (గుంటగలగరకు వాళ్ల పేరు) ఒక రకంగా లెక్కించి కూర వండుకుంటారు, తమిళ సాధువు వళ్ళలార్ రామలింగస్వామి అనుచరుల ఇళ్లలో ఈ ఆకుకు ప్రత్యేక గౌరవం. దీనికి ఔషధ గ్రంథాల్లో చోటుంది కనుక తప్పు పట్టలేం. మూడోదే మోసం. నర్సరీల్లో నేల కప్పడానికి అమ్మే, పసుపు పూలు పూసే సింగపూర్ డైసీ అసలు గుంటగలగరకు దూరపు చుట్టం మాత్రమే. ప్రపంచంలో అతి చెడ్డ 100 దురాక్రమణ జీవుల జాబితాలో ఉన్న మొక్క. రోడ్డు డివైడర్ల మీద కత్తిరించిన ఆ తీగను భృంగరాజం, అంటే గుంటగలగర, అనుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్లున్నారు.

పుట్టుక సంగతి మరో చిక్కు. కొన్ని వృక్షశాస్త్ర జాబితాలు గుంటగలగరను అమెరికా ఖండాల మొక్కగా రాసుకున్నాయి. మరి సంస్కృత వైద్య గ్రంథాల్లో భృంగరాజం కొలంబస్ పుట్టక ముందునుంచీ ఉంది. వాగ్భటుడి అష్టాంగహృదయం పాలు ఆహారంగా నెలరోజులు దీని రసం తాగే రసాయన విధిని చెప్పింది. కొచ్చిన్‌లో డచ్చి అధికారి వాన్ రీడే చేయించి ఆంస్టర్‌డాంలో 1678 నుంచి 1693 దాకా అచ్చువేయించిన హోర్టస్ మలబారికస్‌లో కూడా ఇది బొమ్మతో సహా ఉంది. నీటి పక్షుల కాళ్ల బురదతో తేలికగా తిరగగల గింజ కాబట్టి సముద్రాలు దాటడం వింతేమీ కాదని నా ఊహ. వాడుక విషయంలో మాత్రం ఈ వివాదం ఏమీ మార్చదు, వదిలేద్దాం.

ఇక జుట్టు. ఆ నల్లటి రసమే ఈ నమ్మకానికి మూలమని చెప్పక తప్పదు. వేలికి నలుపు అంటించే ఆకు వెంట్రుకకూ అంటిస్తుందనుకోవడం మనుషులకు సహజం. చైనా వైద్యంలోనూ ఇదే మొక్కను నెరుపుకు వాడతారు. మింగ్ కాలం నుంచి వస్తున్న ఎర్ ఝీ వాన్ మాత్రలో ఉండే రెండు దినుసుల్లో ఇదొకటి. రెండు దేశాలవాళ్లూ ఒకరినొకరు చూసి నేర్చుకున్నారో, ఒకే నలుపును చూసి ఒకే ఆలోచన చేశారో గాని, రెండు వైద్యాలు ఒప్పుకున్నంత మాత్రాన రుజువైనట్టు కాదు. పచ్చబొట్టు పొడిచేవాళ్లు ఈ పసరును రంగుకు వాడుకున్నారు. అక్కడ నలుపు నిజంగా పని చేసింది. తలమీద కథ వేరు. జుట్టు నెరవడం అంటే కుదుళ్లలో రంగు తయారుచేసే కణాలు తగ్గిపోవడం. పైపూత నూనె వాటిని తిరిగి పుట్టించినట్టు ఆధారం లేదు. నూనె రాసిన తెల్ల వెంట్రుక కాస్త ముదురుగా కనిపిస్తుంది, తలంటితే పోతుంది.

నెరుపు కాకుండా జుట్టు పెరగడం సంగతి చూస్తే కొంత సరుకుంది. సాగర్‌లోని హరిసింగ్ గౌర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో ఆల్బినో ఎలుకల మీద గుంటగలగర సారాన్ని పూసి, జుట్టు పెంచే మందు మినాక్సిడిల్‌తో పోల్చి చూశారు. వెంట్రుక కుదుళ్లు పెరుగుదల దశలోకి త్వరగా వచ్చాయని రాశారు. మరుసటి ఏడాది వచ్చిన మరో అధ్యయనమూ అదే దారిలో ఉంది. మంచిదే. అయితే గొరిగిన ఎలుక వీపు మీద మళ్లీ వచ్చే బొచ్చుకూ, నలభై దాటిన మగవాడి నడినెత్తి బట్టతలకూ చాలా దూరం. వంశపారంపర్యపు బట్టతలలో హార్మోన్ల పాత్ర ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న ఎలుక చర్మంలో ఆ గొడవ లేదు. సీసా మీద ఎలుక అధ్యయనం ఊసు లేకుండా ‘శాస్త్రీయంగా నిరూపితం’ అని అచ్చేసే కంపెనీలు ఈ దూరాన్ని మింగేస్తాయి.

అయినా ఇంట్లో కాచుకున్న గుంటగలగర నూనెను నేను తీసిపారేయను. పొడిబారిన తల చర్మానికి నూనె మేలు, మర్దనతో నిద్ర పడుతుంది, ఖర్చు తక్కువ. కాచడం మాత్రం తెలియాలి. ఆయుర్వేద తైలపాకం లెక్క ఒక వంతు ఆకు ముద్ద, నాలుగు వంతుల నూనె, పదహారు వంతుల రసం. కొందరు నువ్వుల నూనె, కొందరు కొబ్బరినూనె వాడతారు. సన్నసెగన నీరంతా ఇగరాలి. అడుగున ముద్దను తీసి వత్తిలా నలిపి మంటలో పెడితే చిటపటమనకుండా కాలాలి. శబ్దం వచ్చిందంటే లోపల ఇంకా తడి ఉంది. ఆ తడితోనే సీసాలో పోస్తే నాలుగు వారాలకే కంపు కొడుతుంది. చాలామంది ‘నూనె పడలేదు, దురద వచ్చింది’ అనే మాటకు ఈ తడే కారణం కావచ్చు. సహం ఎండల్లో గది బయట పెట్టిన సీసా ఇంకా త్వరగా పాడవుతుంది. తలంటుకు కుంకుడుకాయ దొరకని చోట ఒమనీల దారి పట్టొచ్చు. వాళ్ల ఆడవాళ్లు రేగు జాతి సిద్ర్ చెట్టు ఆకుపొడితో తల కడుక్కుంటారు. అంగళ్లలో సులువుగా దొరుకుతుంది, మురికినీ జిడ్డునూ మెత్తగా వదిలిస్తుంది.

కాటుక దగ్గరకు వస్తే వాదం తిరగబడుతుంది. మన పాత పద్ధతి తెలిసిందే. తెల్లటి నూలుగుడ్డను గుంటగలగర రసంలో ముంచి నీడన ఆరబెట్టి, మళ్లీ ముంచి ఆరబెట్టి, వత్తి చేసి ఆముదం దీపం వెలిగిస్తారు. పైన బోర్లించిన పళ్లేనికి పట్టిన మసిని ఆముదంతోనో వెన్నతోనో నూరి భరిణెలో పెడతారు. ఇందులో ఆకు మందు గుణం ఎంత మిగులుతుందో అనుమానమే, వత్తి కాలితే మిగిలేది ప్రధానంగా బొగ్గుమసి. కానీ ఆ మసిలో సీసం లేదు. తేడా అక్కడే ఉంది. ఒమన్‌లో వాడే కొహ్ల్ (అక్కడి కాటుక) నమూనాల కూర్పును పరీక్షించిన అధ్యయనం ఒకటి 1998లో జర్నల్ ఆఫ్ ఎథ్నోఫార్మకాలజీలో వచ్చింది. కొన్ని నమూనాల్లో ప్రధాన పదార్థం గెలీనా, అంటే సీసం, గంధకం కలిసిన ఖనిజం. కొన్నింట్లో మాత్రం ఉత్త మసే. గల్ఫ్ బజారు నుంచి, దక్షిణాసియా దుకాణాల నుంచి మెరిసే సుర్మా కొని పిల్లల కళ్లకు పెట్టేవాళ్లు ఈ సంగతి పట్టించుకోవాలి. పిల్లల మెదడుకు సీసం తక్కువ మోతాదులోనూ చెరుపు చేస్తుంది, రాసిన వేళ్లు నోట్లో పెట్టుకోవడంతో లోపలికి పోతుంది. ఇంటి మసి కాటుక ఆ రకంగా బజారు సుర్మా కంటే నయం.

నయం అన్నంత మాత్రాన నెలల బిడ్డ కంట్లో పెట్టమని కాదు. వేలి మురికితో కన్ను ఎర్రబడుతుంది, కన్నీటి దారి మూసుకుపోయే ఇబ్బంది ఉంటుంది. పిల్లల వైద్యులు వద్దంటారు, ఆ మాటే సరైనది. దిష్టికైతే బుగ్గ మీదో అరికాలి మీదో చుక్క పెట్టుకోండి, అమ్మమ్మకూ కోపం రాదు.

అసలు తగువు కామెర్లది. ఇక్కడ ప్రయోగశాల వాదన బలంగా ఉంది, వీధి వాడుక మాత్రం ప్రమాదకరంగా ఉంది. ఈ రెంటినీ కలిపి మాట్లాడటమే తెలుగు పత్రికల ఆరోగ్య శీర్షికలు దశాబ్దాలుగా చేస్తున్న పొరపాటు.

ప్రయోగశాల సంగతి మొదట. పసుపు పూల గుంటగలగర నుంచి వెడెలోలాక్టోన్ అనే పదార్థాన్ని వేరుచేసి దాని నిర్మాణాన్ని 1956లో ప్రకటించింది మద్రాసులో పనిచేసిన గోవిందాచారి బృందం. తెల్ల గుంటగలగరలోనూ అదే ఉంది. మూడు దశాబ్దాల తరవాత, 1986లో, మ్యూనిక్‌కు చెందిన వాగ్నర్ బృందం ఈ రెండు మొక్కల్లో కాలేయాన్ని కాపాడే గుణం ప్రధానంగా ఈ తరగతి పదార్థాలదేనని ప్లాంటా మెడికాలో రాసింది. 1990లలో జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాలయం ఎలుకలకు కార్బన్ టెట్రాక్లోరైడ్ ఇచ్చి కాలేయం చెడగొట్టి, గుంటగలగర సారం ఆ నష్టాన్ని తగ్గించినట్టు చూపింది. భారత ఆయుర్వేద ఫార్మకోపియాలో భృంగరాజానికి చోటుంది. ఇవన్నీ నిజాలే, తక్కువవి కావు.

కానీ ఎలుక కాలేయాన్ని చెడగొట్టింది ఒక రసాయనం. మనిషికి కామెర్లు తెచ్చేవి వేరు. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు కలుషిత నీటితో వస్తాయి. బి, సి రక్తం ద్వారా, ఇతర మార్గాల ద్వారా వస్తాయి. పిత్తాశయపు రాయి నాళానికి అడ్డం పడితే కళ్లు పచ్చబడతాయి, క్లోమంలో గడ్డ నొక్కినా పచ్చబడతాయి. మద్యంతో చెడిన కాలేయం ఒక రకం, ఎర్రకణాలు విరిగిపోవడం ఇంకో రకం. కళ్లు పచ్చబడటం ఇన్ని జబ్బుల ఉమ్మడి గుర్తు. గ్రామ వైద్యుడికి ఈ తేడాలు తెలిసే వీల్లేదు, అతని చేతిలో రక్తపరీక్ష లేదు.

మరి పసరు పోయించుకున్నవాళ్లలో చాలామందికి తగ్గింది కదా? తగ్గింది. మన ఊళ్లలో ఎక్కువగా వచ్చే ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. మూడు పొద్దుల పసరు, ఉప్పు లేని చప్పిడి పత్యం, మజ్జిగన్నం, విశ్రాంతి, మొత్తం కలిసి నెల గడిచేసరికి రోగి లేచి తిరుగుతాడు. పేరు పసరుకు పోతుంది. లేవనివాడి సంగతి ఎవరూ చెప్పుకోరు, ‘పత్యం తప్పాడు’ అని సరిపెడతారు. చేతి మీద కాల్చడం, కంట్లో పసరు పిండటం వంటివి కూడా ఈ గణాంకంలోనే బతికిపోయాయి.

ఈ రకం ఆశ చదువుకున్నవాళ్లనూ మోసం చేస్తుంది. నేలఉసిరి కథే చూడండి. మద్రాసు పరిశోధకులు 1988లో లాన్సెట్‌లో నేలఉసిరి పొడి తీసుకున్న హెపటైటిస్ బి వాహకుల్లో 59 శాతం మందిలో వైరస్ గుర్తు మాయమైందని రాశారు. ప్రపంచం ఉలిక్కిపడింది. తరవాత ఇతర దేశాల్లో చేసిన ప్రయోగాలు ఆ ఫలితాన్ని తిరిగి చూపలేకపోయాయి. గుంటగలగర ఇంతవరకు అలాంటి ఒక్క పెద్ద పరీక్ష గడప కూడా తొక్కలేదు. ఎలుకల దగ్గర ఆగిన మొక్కను మనుషుల దగ్గర గెలిచినట్టు రాయకూడదు.

ఆలస్యం ఖరీదు ఎంతో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. గర్భిణికి మూడో త్రైమాసికంలో హెపటైటిస్ ఇ వస్తే మరణం 20 నుంచి 25 శాతం వరకు ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పసరు పోయించడానికి ఆమెను వారం రోజులు పక్క ఊరికి తిప్పితే ఆ వారానికి బాధ్యులు ఎవరు? నాళంలో రాయి ఉన్న మనిషికి పసరు తాగిస్తూ ఉంటే చీము పట్టి జ్వరం వస్తుంది, అప్పటికి ఆసుపత్రి చేరినా ఆలస్యమే. గల్ఫ్‌లో కుటుంబం లేకుండా ఉండేవాళ్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. గదిలో ఆరుగురుంటే హెపటైటిస్ ఎ ఒకరితో ఆగదు. కామెర్లని తెలిస్తే ఉద్యోగం పోతుందేమోనని దాచి, ఫోన్‌లో ఊరి వైద్యుడు చెప్పిన ఆకు కోసం తోటల్లో వెతికేవాళ్లు తమతోపాటు మిగతా ఐదుగురినీ ప్రమాదంలో పెడుతున్నారు.

పాము కాటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్రెజిల్ శాస్త్రవేత్తలు 1989లో, తరవాత 1994లో గుంటగలగర సారం అక్కడి గిలక్కాయ పాము, దాని చుట్టాల విషాన్ని కొంత అణచినట్టు చూపారు. థాయిలాండ్‌లోనూ పొడపాము జాతి విషం మీద పరీక్షించారు. రసాయన శాస్త్రం దృష్టితో ముచ్చటైన పని. కాటు తిన్న మనిషికి కావలసింది యాంటీవెనం, అది ఉన్న ఆసుపత్రికి వాహనం. ఆకు నమిలించే పది నిమిషాలు కూడా దండగ.

ఇవన్నీ మాట్లాడేటప్పుడు మొక్క ఎక్కడ పెరిగిందో ఎవరూ అడగరు. పాతరోజుల గట్టు వేరు, ఇప్పటి గట్టు వేరు. గుంటగలగర వరికి మొండి కలుపు. నాట్లు మానేసి వెదజల్లే పద్ధతి పెరిగాక ఇంకా పెరిగింది. ఎందుకో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లో తేల్చారు. ఈ గింజ చీకట్లో మొలవదు, మట్టి కింద పూడితే పైకి రాదు. దున్నకం తగ్గితే గింజలు నేల మీదే మిగిలి, వెలుతురు పడి, అన్నీ ఒకేసారి లేస్తాయి. రైతు దాని మీద కలుపు మందు కొడతాడు, అతని తప్పు కాదు. అదే గట్టు మీద బతికిన ఆకును కోసి రసం తీసి తాగితే మందుతో పాటు మందూ తాగినట్టే. ఇదే ఊరి మురుగు కాలువ పక్క మొక్కకూ వర్తిస్తుంది.

బాతినా తోటల్లో ఇంకో గొడవ. 1970ల తరవాత మోటారు పంపులు పెరిగి భూగర్భ జలం తోడేయడంతో సముద్రపు ఉప్పునీరు బావుల్లోకి చొరబడింది. తీరానికి దగ్గరి ఖర్జూర తోటలు ఎన్నో ఎండిపోయాయి. గుంటగలగర కొంత ఉప్పును ఓర్చుకుంటుంది, కానీ బోదెలో నీరే పారకపోతే దానికి చోటు లేదు. అక్కడ ఈ కలుపు కనిపిస్తే ఆ తోటకు ఇంకా నీళ్లున్నాయని అర్థం.

నా తీర్పు ఇది. నూనెకు వాడుకోండి, నెరుపు పోతుందని ఆశపడకండి. కాటుక చేసుకుంటే పెద్దవాళ్ల అలంకారానికి చేసుకోండి. కళ్లు పచ్చబడితే ఆకు జోలికి పోకుండా అదే రోజు బిలిరుబిన్, కాలేయ ఎంజైములు, హెపటైటిస్ పరీక్షలు చేయించుకోండి. తక్కువ ఖర్చుతో చూసే ప్రభుత్వ ఆసుపత్రి మీ దేశంలోనో, మీరున్న దేశంలోనో ఎక్కడుందో ముందే తెలుసుకుని పెట్టుకోండి. నూనె కోసం ఆకు కావాలంటే గట్ల మీద వెతక్కండి, వెడల్పాటి కుండీలో పెంచుకోండి. గింజలు పైన చల్లి వదిలేయాలి, మట్టి కప్పకూడదు. చెమ్మ ఆరకూడదు, ఎండ పడాలి. పూత మొదలయ్యాక కోసుకోవచ్చు.